తాత ట్రంకు పెట్టెలో జర్మనీ ఓడ స్టాంపులు: ఒకదాని మీద 'రూపీ' అని ఎందుకుంది?

ఖిలా_పోరడు:

అందరికీ నమస్కారం. మాది వరంగల్, కోట దగ్గరే ఇల్లు. దసరాకు ఇంటికి రంగులు వేయిద్దామని అటక మీది సామాన్లన్నీ దించితే మా తాత ట్రంకు పెట్టె బయటపడింది. తాత పరకాల వైపు బళ్లో సారు, పోయి ఇరవై ఏళ్లు దాటింది. పెట్టెలో పాత పంచాంగాలు, భూమి కాగితాలు, వాటి కింద ఒక లాంగ్ నోట్‌బుక్. అది తెరిస్తే పేజీకో దేశం చొప్పున స్టాంపులు, పైన నీలి సిరాతో తాత చేతిరాత. తాతకు ఈ పిచ్చి ఉండేదని మా బాపుకు కూడా సరిగా తెలియదు, హైదరాబాద్ పోయినప్పుడల్లా ఆబిడ్స్‌లో ఫుట్‌పాత్ మీద పుస్తకాలు కొనుక్కొచ్చేవాడు, వాటితో ఇవీ తెచ్చాడేమో అంటున్నాడు.

నా ప్రశ్న ఒక్క పేజీ గురించి. 'జర్మనీ – ఓడలు' అని రాసి ఉంది, మొత్తం 11 స్టాంపులు. అన్నింటి మీదా ఒకటే ఓడ, రంగులు వేరు, పేర్లు వేరు. కామెరూన్, టోగో, సమోవా, కరోలినెన్, కియౌట్‌షౌ అని రకరకాలుగా ఉన్నాయి. రెండింటి మీద మాత్రం 'డాయిష్ ఓస్టాఫ్రికా' అని ఉంది, అందులో చిన్నదాని మీద '5 పెసా', పెద్దదాని మీద '1 రూపీ' అని అచ్చయింది. జర్మనీ స్టాంపు మీద రూపాయి ఏంది? మొదట నేను తప్పు చదివానేమో అనుకున్నా, ఫోన్‌లో ఫొటో తీసి పెద్దది చేసి చూసినా అదే.

హైదరాబాద్‌లో ఒక షాపులో చూపించాను. అర నిమిషం కూడా చూడలేదు, పేజీ మొత్తానికి 500 అన్నాడు. నేను నోట్‌బుక్ మూసి సంచిలో పెట్టుకుంటుంటే 700 చేశాడు, మెట్లు దిగుతుంటే వెనక నుంచి 1,000 అన్న మాట వినపడింది. అందుకే అనుమానం వచ్చింది. ఇవి అసలువా నకిలీవా ఎట్లా తెలుస్తుంది? నోట్‌బుక్ నుంచి తీయాలంటే నీళ్లలో వేయొచ్చా? పేజీ ఫొటో కూడా పెట్టాను, తెలిసినవాళ్లు చెప్పండి.

సోంబేరి_77:

మెట్లు ఇంకో నాలుగు ఎక్కువుండే బిల్డింగ్‌లో షాపు పెట్టి ఉంటే 2,000 దాకా వచ్చేది తమ్మీ. ఇచ్చేసి బిర్యానీ తిని రావాల్సింది.

పాత_పెట్టె:

మాది కరీంనగర్, నేను పాతికేళ్ల నుంచి స్టాంపులు పోగేస్తున్నా, అందులో పదిహేనేళ్లు ఈ జర్మనీ వలసల స్టాంపులే, అంటే ఒకప్పుడు జర్మనీ ఏలిన పరాయి దేశాలవి. ముందు ఒక్క మాట తమ్ముడూ, నీళ్లలో వేయకు. ఏదీ వేయకు. ఫొటోలో చూస్తే స్టాంపుల కింద చిన్న పల్చటి కాగితం ముక్కలు మడతపెట్టి అంటించినట్టు కనిపిస్తోంది, వాటిని హింజ్ అంటారు, అంటే మీ తాతకు పని తెలుసు. జిగురు పూసి అతికించి ఉంటే నేను ఇంత రాసేవాణ్ణే కాదు. స్టాంపును ట్వీజర్స్‌తో మెల్లగా పైకి లేపితే తలుపు తెరిచినట్టు లేస్తుంది, వెనక వైపు చూడొచ్చు.

ఓడ సంగతి. అది జర్మనీ చక్రవర్తి రెండో విల్‌హెల్మ్ సొంత ఓడ, పేరు హోహెన్‌జోలెర్న్, అది వాళ్ల రాజవంశం పేరే. 1900 నుంచి వలసలన్నింటికీ బెర్లిన్‌లోని ప్రభుత్వ ముద్రణాలయమే ఒకటే బొమ్మతో స్టాంపులు కొట్టి పంపింది, పేరు పట్టీలో ఉన్న అక్షరాలు, కింద ధర మాత్రం మారుస్తూ. వలస మారితే బొమ్మ మార్చే శ్రమ కూడా తీసుకోలేదు. అందుకే ప్రపంచమంతా వీటిని యాట్ (విహార నౌక) స్టాంపులు అంటారు. మామూలుగా సెట్టుకు 13 ఉంటాయి, 3 ఫెన్నిగ్‌ల నుంచి 5 మార్కుల దాకా (మార్కు జర్మనీ డబ్బు, అందులో నూరో వంతు ఫెన్నిగ్). చిన్న ధరలవి నిలువు బొమ్మ, 1 మార్కు నుంచి పైవి అడ్డం బొమ్మ, పెద్ద సైజు. ఆకుపచ్చ 5, ఎరుపు 10, నీలం 20, ఈ మూడు రంగులు ఊరికే పెట్టినవి కాదు, ఆ రోజుల్లో అంతర్జాతీయ తపాలా ఒప్పందం ప్రకారం అచ్చు కాగితాలకు ఆకుపచ్చ, కార్డులకు ఎరుపు, విదేశీ ఉత్తరాలకు నీలం అని ఉండేది.

ఓడ బొమ్మ రాకముందు ఏం చేసేవాళ్లంటే, మామూలు జర్మనీ స్టాంపు తీసుకుని దాని మీద నల్ల సిరాతో ఏటవాలుగా వలస పేరు కొట్టేవాళ్లు. కరోలినెన్, మారియానెన్ అనే పసిఫిక్ దీవుల వాటిలో ఆ ఏటవాలు 48 డిగ్రీలుంటే అరుదు, 56 డిగ్రీలుంటే మామూలు. ఆ ఎనిమిది డిగ్రీల కోసం నేను మా బాబు జామెట్రీ బాక్సులోంచి కోణమాని దొంగిలించిన రోజులున్నాయి. వాడు పరీక్షకు పోయి వెతుక్కున్నాడు పాపం. నీ పేజీలో అన్నీ ఓడలే అంటున్నావు కాబట్టి ఈ గొడవ నీకు లేదు.

ఇక రూపీ. నువ్వు తప్పు చదవలేదు, అది రూపాయే. డాయిష్ ఓస్టాఫ్రికా అంటే జర్మన్ తూర్పు ఆఫ్రికా, ఇప్పటి టాంజానియా ప్రధాన భూభాగం, రువాండా, బురుండి. ఆ తీరంలో, జాంజిబార్ చుట్టుపక్కల, జర్మన్లు రాకముందు నుంచే మన గుజరాతీ, కచ్ఛీ వ్యాపారులున్నారు, బజారులో చెల్లేది మన వెండి రూపాయి. జర్మన్లు వచ్చి మార్కు తెస్తే ఎవరు తీసుకుంటారు? అందుకని 1890 నుంచి వాళ్లే మన రూపాయికి సరిసమానమైన బరువుతో, 11.66 గ్రాములు, ఒక రూపీ నాణెం కొట్టారు, మీద మాత్రం విల్‌హెల్మ్ తలకాయ. రూపీకి 64 పెసాలు. ఈ 64 ఎక్కడిదో ఇంట్లో పెద్దవాళ్లను అడుగు, రూపాయికి 16 అణాలు, అణాకు 4 పైసలు, పాత లెక్క. పెసా అన్నది మన పైసానే, స్వాహిలీలో ఇప్పటికీ డబ్బును పెసా అనే అంటారు, కెన్యా, టాంజానియాల్లో ఫోన్‌లో డబ్బు పంపే ఎం-పెసాలో ఉన్నదీ అదే మాట.

1905లో పెసాలు తీసేసి రూపీకి 100 హెల్లర్లు చేశారు. అంటే మనకు నయాపైసలు 1957లో వస్తే వాళ్ల రూపాయికి అంతకు యాభై ఏళ్ల ముందే వచ్చాయి. కాబట్టి నీ 5 పెసాల స్టాంపు 1901కి, 1905కి మధ్యది. కళ్లు మూసుకుని చెప్పొచ్చు.

ఆ 1 రూపీ స్టాంపు మీద ముద్ర ఉందా? ఉంటే ఊరు పేరు, తేదీ చదివి చెప్పు. అసలు కథ అక్కడే ఉంది.

జగిత్యాల_అక్క:

నేను స్టాంపుల నిపుణురాలిని కాదు, గవర్నమెంటు స్కూల్లో సోషల్ చెబుతా, పిల్లలతో ఒక చిన్న స్టాంపుల క్లబ్బు నడుపుతున్నా. నీళ్ల గురించి పాత_పెట్టె గారు చెప్పింది నూటికి నూరు పాళ్లు కరెక్టు, దానికి ఇంకోటి కలుపుతున్నా: లామినేషన్ చేయించొద్దు! నవ్వకండి. మా నాన్నగారి దగ్గర నిజాం కాలం స్టాంపులు ఒక ముప్పై దాకా ఉండేవి, చార్మినార్ బొమ్మ ఉన్న అణా స్టాంపు కూడా. అవి పాడైపోతున్నాయని మా తమ్ముడు మంచి మనసుతోనే తీసుకెళ్లి ఏ-ఫోర్ కాగితం మీద వరసగా పేర్చి లామినేట్ చేయించుకొచ్చాడు. వాడు చాలా గర్వంగా నా చేతిలో పెట్టిన ఆ క్షణం నాకింకా గుర్తుంది, ప్లాస్టిక్ ఇంకా గోరువెచ్చగా ఉంది. ఏం అనాలో తెలియక 'బాగుందిరా' అన్నా. ఇప్పుడది మా ఇంట్లో భోజనాల బల్ల మీద వేడి గిన్నెల కింద పెట్టుకోవడానికి తప్ప పనికిరాదు, అలా పెట్టడానికీ మనసు రాదు.

అలాగే, ఇంట్లో ఆరు నుంచి తొమ్మిది చదివే పిల్లలుంటే తపాలా శాఖ స్పర్శ్ స్కాలర్‌షిప్ ఉంది, ఏడాదికి 6,000. స్టాంపుల సరదా ఉన్న పిల్లలకే ఇస్తారు, ఒక క్విజ్ రాసి, ఒక ప్రాజెక్టు చేయాలి. మా బడి పిల్ల ఒకామెకు వచ్చింది.

ఖిలా_పోరడు:

అన్నా, అక్కా, మస్తు థ్యాంక్స్. మా బాపు లామినేషన్ ఐడియానే ఇచ్చాడు, అక్క రాసింది చదివి వినిపించాక ఊరుకున్నాడు.

ముద్ర ఉంది. గుండ్రటి ముద్ర, సగమే స్టాంపు మీద పడింది. భూతద్దం పెట్టి చూస్తే పైన 'టాంగా' అని, కింద వలస పేరులో కొంత, మధ్యలో తేదీ, రోజు సరిగా లేదు గానీ నెల 3, చివర 08 అని స్పష్టంగా ఉంది. సమోవా, టోగో మీద కూడా ముద్రలున్నాయి కానీ మసక. మారియానెన్ అని ఒకటి ఉంది, ఇందాక రాయలేదు, దాని మీద ముద్ర చాలా నీటుగా, సరిగ్గా ఒక మూలకు కొలిచి కొట్టినట్టు ఉంది. టోగో దాని తేదీలో చివర 19 లాగా కనిపిస్తోంది.

పాత_పెట్టె:

టాంగా 1908 చాలా బాగుంది, అది ఆ తూర్పు ఆఫ్రికా తీరంలోని రేవు ఊరు. టోగో 19 మాత్రం నవ్వొచ్చింది. ఎందుకంటే టోగోను బ్రిటిష్, ఫ్రెంచ్ వాళ్లు కలిసి 1914 ఆగస్టులోనే పట్టేసుకున్నారు, యుద్ధం మొదలైన మొదటి నెలలోనే. తర్వాత అక్కడ జర్మనీ పోస్టాఫీసే లేదు, ఇక 1919లో ముద్ర కొట్టింది ఎవరు? అది నెల అంకెనో రోజు అంకెనో అయ్యుంటే సరే, 19వ తేదీ కావచ్చు, ఇంకోసారి చూడు. సంవత్సరమే అయితే అది నకిలీ ముద్ర.

ఈ వలస స్టాంపుల్లో నకిలీలు ఎక్కువగా స్టాంపులో ఉండవు, ముద్రలో ఉంటాయి. మన దగ్గర అందరూ వాడని స్టాంపుకే విలువ ఎక్కువ అనుకుంటారు, ఇక్కడ చాలాసార్లు ఉల్టా. ఎందుకంటే ఆ దీవుల్లో, ఆ ఊళ్లలో తెల్లవాళ్లే కొద్దిమంది, ఉత్తరాలు రాసేవాళ్లు ఇంకా తక్కువ, 3 మార్కులు, 5 మార్కుల స్టాంపు అంటించేంత పార్సిల్ ఎన్నిసార్లు పోతుంది? కానీ బెర్లిన్‌లో సేకరించేవాళ్ల కోసం కౌంటర్ పెట్టి కొత్త స్టాంపులు అమ్మారు, వలసలు చేజారిపోయాక కూడా అమ్మారు. కొన్నయితే అసలు వలస ముఖమే చూడలేదు, బెర్లిన్‌లో అచ్చయి బెర్లిన్‌లోనే అమ్ముడుపోయాయి. అందుకని వాడనివి బోలెడు, వాడినవి కొన్నే. అట్లాంటప్పుడు మోసగాడు చేయాల్సిన పనల్లా ఒక రబ్బరు ముద్ర చెక్కించుకోవడం. నీ మారియానెన్ ముద్ర నీటుగా, కొలిచినట్టుగా ఉంది అన్నావు చూడు, నాకు కడుపులో తిప్పింది. ఆ మారియానెన్ దీవుల్లోని సైపాన్ పోస్టాఫీసులో ఆ ఎండలో ముద్ర కొట్టేవాడికి అంత ఓపిక ఎక్కడిది?

ఇంట్లో చేసుకోగల పరీక్ష ఒకటుంది. మొదటి ఓడ స్టాంపుల కాగితంలో వాటర్‌మార్క్, అంటే కాగితంలోనే కలిసిపోయి ఉండే గుర్తు, లేదు. 1905 నుంచి వాటర్‌మార్క్ కాగితం మొదలైంది, పేకముక్కల్లో డైమన్ గుర్తు ఉంటుందే, అలాంటి గళ్లు. నల్లటి చిన్న గిన్నె తీసుకో, స్టాంపును బోర్లా పెట్టు, సిగరెట్ లైటర్‌లో పోసే ద్రవం రెండు చుక్కలు వెయ్యి, గళ్లు ఉంటే నల్లగా తేలతాయి, నిమిషంలో ఆరిపోతుంది, స్టాంపుకేం కాదు. కిటికీ తెరిచి పెట్టు, దగ్గర్లో పొయ్యి ఉండొద్దు, వంటింట్లో చేయకు. డైమన్ గళ్లున్న స్టాంపు మీద 1902 ముద్ర ఉంటే ఇంకెవరినీ అడగక్కర్లేదు.

ఇంకొకటి, 1 రూపీ లాంటి పెద్దవి చెక్కిన పలకతో అచ్చువేసినవి, సిరా కాగితం మీద కొంచెం ఉబ్బెత్తుగా నిలబడుతుంది. స్టాంపును లైటుకు ఏటవాలుగా పట్టుకుని ఓడ పక్కన గీతలు చూడు. చదునుగా, జిరాక్స్ తీసినట్టు ఉంటే ఆశ వదులుకో.

మాగ్డెబర్గ్_మల్లన్న:

అన్నలారా, నేను ఐనవోలు వాణ్ణి, ఇక్కడ జర్మనీలో ఎంఎస్ చేస్తున్నా. ఇక్కడ ఆదివారాలు పాత సామాన్ల సంత పెడతారు, ఆ ఓడ స్టాంపులు డబ్బాల్లో పోసి అమ్ముతారు, ఆకుపచ్చ 5 కామెరూన్ లాంటివి ఒక టీ ఖర్చుకు వస్తాయి. కాబట్టి 11 స్టాంపులు అమ్మి కారు కొనుక్కుందామనే ప్లాన్ ఉంటే మార్చుకో బ్రో. కానీ పెద్ద ధరవి, ముద్ర బాగున్నవి అమ్మేవాళ్లు డబ్బాలో వేయరు, అద్దం కింద పెడతారు. వాటి వెనక మూలన చిన్న అక్షరాల్లో ఒక పేరు ముద్ర ఉంటుంది, బీపీపీ అని. అది పరీక్షించే నిపుణుల సంఘం, వాళ్లు చూసి అసలుదని ఒప్పుకుంటే స్టాంపు వెనక తమ ముద్ర వేస్తారు లేదా ఫొటోతో సర్టిఫికెట్ ఇస్తారు. ఇక్కడి సేకరణదారులకు మిషెల్ క్యాటలాగు రామాయణం లాంటిది, ప్రతి దానికీ అందులో నంబరు చెబుతారు. క్యాటలాగు ధరలో నాలుగో వంతుకు అమ్ముడుపోతే అమ్మినవాడు సంతోషంగా ఇంటికి పోతాడు.

ఇంకో మాట చెప్పాలనిపించింది. ఆ డబ్బాల ముందు నిలబడి నేనూ మొదట్లో 'అబ్బ ఏం ఓడ' అనుకునేవాణ్ణి. తర్వాత సౌత్ వెస్ట్ ఆఫ్రికా (ఇప్పటి నమీబియా) ముద్రలు, విండ్‌హుక్, స్వాకొప్‌ముండ్, ఆ తేదీలు చూడ్డం మొదలుపెట్టా. 1904 నుంచి 1908 దాకా జర్మన్ సైన్యం అక్కడి హెరెరో, నామా జనాన్ని ఎడారిలోకి తరిమి, క్యాంపుల్లో పెట్టి చంపింది, వేలల్లో కాదు పదుల వేలల్లో. అది జాతి హననమేనని జర్మనీ ప్రభుత్వం 2021లో గానీ ఒప్పుకోలేదు. అదే ఏళ్లలో అదే ఊళ్ల నుంచి సైనికులు ఇంటికి రాసుకున్న కార్డుల మీద ఇదే ఓడ ఉంటుంది. టాంగా ఉన్న తూర్పు ఆఫ్రికాలో కూడా, దక్షిణాన, 1905 నుంచి 1907 దాకా జర్మన్ల మీద మజీ మజీ అనే తిరుగుబాటు, ఎక్కువమంది ఆకలితో పోయారు, సైన్యం పంటలు తగలబెట్టింది.

సోంబేరి_77:

మల్లన్నా, పాపం పోరడు తాత స్టాంపుల ధర అడిగితే నువ్వు చరిత్ర పరీక్ష పెట్టావు.

మాగ్డెబర్గ్_మల్లన్న:

ధర కూడా చెప్పిన కదన్నా, పైన చదువు. స్టాంపులు పారేయమని నేననలేదు. నేను కూడా ఒకటి కొన్నా, స్వాకొప్‌ముండ్ 1906, హాస్టల్‌లో టేబుల్ సొరుగులో ఉంది. గోడకు మాత్రం పెట్టబుద్ధి కాలేదు.

రిటైర్డ్_పోస్టు:

బిడ్డా, ఆలస్యంగా చూశాను. నేను హనుమకొండలో ఉంటాను, 36 ఏళ్లు తపాలా శాఖలో చేసి రిటైరయ్యాను. ముద్ర కొట్టడం నా పనే కాబట్టి ముందు ఆ సంగతి చెబుతా. ముద్ర కొట్టేవాడు స్టాంపును చూడడు, కవరును చూస్తాడు. చెయ్యి లయలో పోతుంటుంది, కవరు మీద ఒకటి, ఇంకు ప్యాడ్ మీద ఒకటి. అందుకని నిజమైన ముద్ర సగం స్టాంపు మీద, సగం కవరు మీద పడుతుంది, ఒక పక్క చిక్కగా, ఒక పక్క పల్చగా ఉంటుంది. నీ టాంగా ముద్ర సగమే పడిందన్నావు, ఆ సగం చూసి నాకు ముచ్చటేసింది. మారియానెన్ గురించి పాత_పెట్టె గారి అనుమానమే నాదీ. అయితే ఒక్కటి, సేకరణ కోసమే పోస్టాఫీసుకు పోయి 'సార్ మంచిగ కొట్టండి' అని అడిగి కొట్టించుకునేవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. నేనే ఎందరికో కొట్టిచ్చాను. నీటుగా ఉన్నంత మాత్రాన నకిలీ అని తీర్పు చెప్పకండి, వాటర్‌మార్క్ చూడండి.

టాంగా అన్న పేరు వినగానే నాకు 1914 నవంబరు మొదటి వారం గుర్తొస్తుంది. మన ఇండియన్ సైన్యాన్ని, కాశ్మీర్ రైఫిల్స్, రాజ్‌పుత్‌లు, పాలంకోట పటాలం, ఓడల్లో కుక్కి తీసుకెళ్లి ఆ టాంగా ఒడ్డునే దించారు. సంఖ్యలో మనవాళ్లు ఎన్నో రెట్లు ఎక్కువ, అయినా చిత్తుగా ఓడి మళ్లీ ఓడలెక్కారు, ఆ తుపాకుల మోతకు చెట్ల మీది తేనెటీగలు లేచి రెండు వైపులా సైనికులను కుట్టి తరిమాయట. అదే వారంలో 7వ తేదీన చైనాలో కియౌట్‌షౌ రాజధాని సింగ్‌టావ్ జపాన్ చేతికి పోయింది. 9వ తేదీన కోకోస్ దీవుల దగ్గర ఎమ్డెన్ ఓడ పని అయిపోయింది. ఎమ్డెన్ అంటే మీ ఈడు వాళ్లకు తెలియదేమో, ఆ సెప్టెంబరు 22 రాత్రి మద్రాసు రేవులో చమురు ట్యాంకుల మీద గుండ్లు వేసి తగలబెట్టిన జర్మన్ యుద్ధనౌక. అది బయల్దేరింది సింగ్‌టావ్ నుంచే. అంటే నీ తాత పేజీలో కియౌట్‌షౌ స్టాంపు ఒక మూల, టాంగా స్టాంపు ఒక మూల ఉన్నాయి చూడు, ఆ రెండింటి మధ్య మన మద్రాసు ఉంది.

మన సైన్యానికి ఆ యుద్ధంలో మన స్టాంపులే ఇచ్చారు, ఐదో జార్జి తలకాయ ఉన్న ఇండియా స్టాంపు మీద ఐ.ఇ.ఎఫ్. అని నల్లగా కొట్టి. అంటే ఇండియన్ ఎక్స్‌పెడిషనరీ ఫోర్స్. జర్మన్ తూర్పు ఆఫ్రికా తీరంలో మాఫియా అని ఒక దీవి ఉంది, దొంగల ముఠాకూ దానికీ సంబంధం లేదు, దీవి పేరే అది. 1915 జనవరిలో బ్రిటిష్ వాళ్లు దాన్ని పట్టుకుని, దొరికిన జర్మన్ ఓడ స్టాంపుల మీద మాఫియా అని కొట్టారు, అవి అయిపోయాక మన ఐ.ఇ.ఎఫ్. స్టాంపుల మీద కూడా కొట్టారు. అంటే ఇండియా స్టాంపు, దాని మీద ఇండియా సైన్యం అక్షరాలు, వాటి మీద ఆఫ్రికా దీవి పేరు. నేను అసలుది ఒక్కసారే చూశాను, అదీ ఎగ్జిబిషన్‌లో అద్దం వెనక. మీ తాత నోట్‌బుక్‌లో ఇండియా పేజీ కూడా ఒకసారి తిప్పి చూడు.

పాత_పెట్టె:

సార్ మాఫియా అన్నారు కాబట్టి నా పుండు కూడా గోక్కుంటా. యుద్ధంలో పట్టుకున్న వలసల్లో దొరికిన ఓడ స్టాంపుల మీద అక్షరాలు కొట్టడం అన్నిచోట్లా జరిగింది. సమోవాను న్యూజిలాండ్ వాళ్లు, జర్మన్ న్యూగినీలోని రబౌల్‌ను ఆస్ట్రేలియా వాళ్లు తీసుకుని జీ.ఆర్.ఐ. అని కొట్టారు, జార్జి రాజు, చక్రవర్తి అని లాటిన్ పొట్టి అక్షరాలు, కింద పెన్నీల్లో ధర. కామెరూన్ వాటి మీద సీ.ఇ.ఎఫ్., అంటే కామెరూన్స్ ఎక్స్‌పెడిషనరీ ఫోర్స్. కైజర్ ఓడ మీద జార్జి రాజు పేరు! సేకరించేవాడికి ఇంతకన్నా రుచి ఏముంటుంది, నాకు నిద్రపట్టేది కాదు.

ఆరేళ్ల కింద ఆన్‌లైన్‌లో ఒకడు సీ.ఇ.ఎఫ్. పెట్టాడు, ధర నా నెల జీతంలో సగం, ఇంట్లో చెప్పలేదు. వచ్చింది. పది రోజులు రోజూ రాత్రి చూసుకుని మురిసిపోయా. పదకొండో రోజు కొత్త భూతద్దం వచ్చింది. అక్షరాల నల్ల సిరా కింద పోస్టు ముద్ర ఉండాలా, పైన ఉండాలా? ముందు ఓవర్‌ప్రింట్, అంటే ఆ పైన కొట్టే అక్షరాలు, కొట్టి అమ్ముతారు, తర్వాత కదా ఉత్తరం మీద ముద్ర పడేది. నా దాంట్లో ముద్ర కింద ఉంది, దాని మీద నుంచి సీ.ఇ.ఎఫ్. నడిచిపోతోంది. పైగా ముద్ర 1911ది. 1911లో ఉత్తరానికి వాడేసిన స్టాంపును 1915లో సైన్యం మళ్లీ ఎందుకు అమ్ముతుంది? పది రోజులు నేను కళ్లతో చూశానే గానీ బుర్రతో చూడలేదు. అమ్మినవాడు అప్పటికే ఖాతా మూసేశాడు. మా ఆవిడకు ఈ సంగతి ఇప్పటికీ తెలియదు, తను ఈ సైట్ చదవదు, చదవకూడదనే కోరుకుంటున్నా.

జగిత్యాల_అక్క:

మీ ఆవిడ ఏ ఊరండీ? ఊరికే అడుగుతున్నా 😀

రిటైర్డ్_పోస్టు:

అక్కను ఎవరైనా ఆపండి. బిడ్డా, ఇంకొకటి మరిచిపోయా. మీది కోట పక్కనే అన్నావు. నిజాం తపాలాకు 1869 నుంచి 1950 దాకా సొంత స్టాంపులు ఉండేవి, అందులో 1947లో వచ్చిన మూడు అణాల స్టాంపు మీద మీ ఖిలా వరంగల్ తోరణం ఉంటుంది. నువ్వు రోజూ బండి మీద దాటిపోయేది. నోట్‌బుక్‌లో హైదరాబాద్ పేజీ ఉంటే అది ఉందేమో చూడు. సారుగా పనిచేసిన మనిషి, సొంత ఊరి స్టాంపును వదిలిపెట్టి ఉండడు.

ఖిలా_పోరడు:

లేటయింది, సారీ. ఆదివారం పొద్దున మా బాపు, నేను అరుగు మీద కూర్చుని అన్నీ చేశాం. గిన్నె దొరకలేదు, మా అమ్మ నల్ల సబ్బు పెట్టె మూత వాడాం, అమ్మకు చెప్పలేదు.

మారియానెన్: డైమన్ గళ్లు తేలాయి. ముద్రలో సంవత్సరం 03. అంతే సంగతి. మా బాపు 'తాతను ఎవడో మోసం చేసిండు' అని ఒకటే నవ్వు.

టోగో: అది 19వ తేదీయే, సంవత్సరం 12. బతికిపోయింది.

1 రూపీ: గళ్లు లేవు. లైటుకు పెడితే గీతలు ఉబ్బి కనిపిస్తున్నాయి, ఓడ పక్కన గీతల మీద గోరు పెట్టి చూద్దామంటే బాపు చెయ్యి పట్టుకుని ఆపాడు. షాపులో ఇచ్చేది లేదని డిసైడయ్యాం, నిపుణులకు పంపే సంగతి మల్లన్నను విడిగా అడుగుతా.

సార్, హైదరాబాద్ పేజీ ఉంది. తోరణం ఉంది! ఒకటి కాదు, నాలుగు, కలిపి చింపకుండా ఉన్నాయి. ఐ.ఇ.ఎఫ్. మాత్రం లేదు.

ఇంకో సంగతి. 1 రూపీ స్టాంపును పాత_పెట్టె అన్న చెప్పినట్టు తలుపు తెరిచినట్టు లేపితే వెనక పెన్సిల్‌తో '2 అణాలు' అని రాసి ఉంది. తాత రాతే, అ అక్షరం అట్లా తోక తిప్పి రాసేది ఆయనొక్కడే. కొన్న ధర అయ్యుంటుంది కదా?

సోంబేరి_77:

రూపాయి స్టాంపును రెండణాలకు కొన్నాడు. మీ తాత నీకన్నా తెలివైనోడు తమ్మీ.

రిటైర్డ్_పోస్టు:

కొన్న ధరే. కానీ ఏ రెండణాలు? నిజాం సొంత నాణేలైన హాలీ సిక్కా అణాలా, బ్రిటిష్ ఇండియా నాణేలైన కల్దార్ అణాలా? కొన్న ఏడాది ఎక్కడైనా రాశాడేమో చూడు. హాలీ అయితే ఇంకా చవకగా కొట్టేసినట్టు, ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దార్ రూపాయలే వచ్చేవి. ఈ ఆదివారం నోట్‌బుక్ పట్టుకుని ఇంటికి రా, బాపును కూడా తీసుకురా. ఆ నాలుగు తోరణాలు మాత్రం విడదీయకండి, దారిలో గాలి తగలకుండా పుస్తకంలో పెట్టుకుని రండి.